మిన్ను అరికాలి మీద చుక్క

దెయ్యాలనీ శకునాలనీ ఎవరైనా మొదలుపెడితే వాళ్ళ నోరు మూయించడం నాకు సరదా. పెళ్ళయిన కొత్తలో పిల్లి ఎదురొచ్చిందని అత్తవారింట్లో అందరూ గుమ్మంలోనే ఆగిపోతే, నేనొక్కదాన్నే వెళ్ళి ఆటోలో కూర్చున్నాను. కెనడాలోని కిచెనర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్‌లు పరిశీలించడం నా ఉద్యోగం. జనం చెప్పే కథల్ని నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసింది చదివి "పాపం, ఆవిడ జడుసుకున్నట్టుంది" అని ఎవరూ నా మీద జాలి పడక్కర్లేదు. నాకు భయం వెయ్యలేదు. అనుమానం వేసింది. రెండూ ఒకటి కావు.

ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి స్కీయింగ్‌కి వెళ్దామన్నది మా ఆయన. మావాడు నిఖిల్‌కి అప్పుడు పదిహేనేళ్ళు, స్కూలు ట్రిప్పుల్లో నేర్చుకున్నాడు. వాణ్ణి చూసి ఈయనా నేర్చుకున్నారు. మిగిలింది నేనూ, నాలుగేళ్ళ మిన్నూ. మిన్నుకి మంచులో ఆడటం ఇష్టమే కానీ స్కీ బూట్లు చూస్తే ఏడుపు. కొండ దగ్గర పిల్లల్ని చూసుకునే డేకేర్‌కి ఫోన్ చేస్తే వెయిటింగ్ లిస్టన్నారు.

చిన్నపిల్లతో స్కీయింగ్‌కి వెళ్ళడమంటే మిగతావాళ్ళు ఆడుకోవడానికి ఒకరు కాపలా కూర్చోవడం. ఆ ఒకరు ఎవరన్నది ఏ ఇంట్లోనూ ఓటింగుకి పెట్టరు. మా ఆయనా పెట్టలేదు. నేనెలాగూ చలికి బయటికి రాను కదా అన్నారు. "ఎలాగూ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకూ పాఠాలు బుక్ చెయ్యమన్నాను. పూటకొకరం పిల్లని చూద్దామని నేను, గంటకొకరమని ఆయన, మిన్నుని ఎవరింట్లోనైనా దింపేద్దామని నిఖిల్. వారమంతా అదే వాదన. చివరికి శ్రావ్య పేరు వచ్చింది.

శ్రావ్య మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయి. ఊరు కరీంనగర్ దగ్గర. అప్పట్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా చదువుకోవడానికొచ్చిన మన పిల్లలే. కాలేజీ, కాఫీ షాపులో షిఫ్టు, మళ్ళీ కాలేజీ, మధ్యలో బస్సులో నిద్ర. శ్రావ్య నెమ్మదస్తురాలు. మిన్ను ఆమె చంక దిగేది కాదు. జీతమిచ్చి వెంట తీసుకెళ్తే మేం కొండ మీద ఉన్నంతసేపూ పిల్లని చూసుకుంటుంది. అడిగితే సంతోషంగా ఒప్పుకుంది. సెలవు పెట్టుకుని రావడానికి అంత సంతోషమెందుకా అని నాకు ఒక క్షణం అనిపించింది కూడా. నా బుద్ధి అంతే.

మిన్నుకి మంచు బూట్లు కొనాలి. సైజు కోసం దాన్ని అట్టముక్క మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు గీస్తున్నాను. చక్కిలిగిలై కిలకిలా నవ్వుతూ కాలెత్తింది. ఎడమ అరికాలి మధ్యలో నల్లగా, గుండ్రంగా, దిష్టిచుక్క.

మా ఇంట్లో కాటుక లేదు. నేను పెట్టుకోను, పిల్లకి పెట్టను. మా అత్తయ్యగారు ఒంగోలు నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తారు. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న పిల్లకి చుక్క పెట్టావా అని. నా మొదటి జవాబు లేదని. ఇన్నేళ్ళలో ప్రశ్నా మారలేదు, జవాబూ మారలేదు. ఒకటి రెండుసార్లు మిన్ను ఆ ఫోను పట్టుకుని కిందికి పరుగెత్తితే శ్రావ్యా ఆవిడతో మాట్లాడింది. ఇంకేం, నాకు లెక్క తేలిపోయింది. అక్కడి నుంచి ఆజ్ఞ, ఇక్కడ అమలు.

శ్రావ్యని పిలిచి అడిగాను. తాను పెట్టలేదంది. "మీకు ఇష్టముండదని నాకెరికే గద ఆంటీ, నేనెందుకు పెడ్త?" అని ఎదురడిగింది. తన కాటుక పెన్సిల్ తెచ్చి చూపించింది కూడా. అత్తయ్యగారిని అడిగితే, తాను చెప్పాలనుకుంటే నాకే చెబుతాను కానీ కిరాయికున్న పిల్లకి చెబుతానా అని కోప్పడ్డారు. చుక్క తుడిచేశాను.

హోటల్ రూము బుక్ చేసిన సాయంత్రం మళ్ళీ కనబడింది. అదే కాలు, అదే చోటు. మధ్యలో రోజూ చూశాను, లేదు. మళ్ళీ తుడిచేశాను. సామాన్లు సర్దుతున్న రోజు, కొత్త స్నోప్యాంటు సరిపోతుందో లేదోనని మిన్నుకి తొడుగుతుంటే, మళ్ళీ ఉంది.

ఇది యాదృచ్ఛికం అనుకోవడానికి నేను అంత అమాయకురాలిని కాను. ప్రయాణం పని ముందుకు సాగినప్పుడల్లా చుక్క పడుతోందంటే, ఈ ప్రయాణం ఎవరికో ఇష్టం లేదు. రానని నోటితో చెప్పలేక శ్రావ్య ఇలా చేస్తోందా? లేక నన్ను పిల్లతో గదిలో కూర్చోబెట్టడానికి మా ఆయన ఎత్తా? ఆయన్నీ వదల్లేదు. కాటుక డబ్బా గుండ్రంగా ఉంటుందో పలకలుగా ఉంటుందో కూడా తనకు తెలియదని ఒట్టేశారు. ఆ మాట మాత్రం నమ్మాను.

చుక్క వల్ల పిల్లకి ఏమీ కాదు. చుక్క పెట్టి పెట్టలేదని చెప్పే మనిషి వల్ల కావచ్చు. ఇంత చిన్న విషయంలో అబద్ధమాడే అమ్మాయి చేతిలో నాలుగేళ్ళ పిల్లని, అదీ మంచులో, వదిలి నేను కొండెక్కగలనా? నాకు తేలాల్సింది అదొక్కటే. అందుకే ప్రయాణం మానలేదు. తేల్చుకుందామనే వెళ్ళాను.

ఆ కొండ పేరు చెప్పను. మా ఇంటికి ఉత్తరాన, పొద్దున్న బయల్దేరితే భోజనానికి చేరుకునే దూరం. కొండ కిందే హోటలు, దాన్నానుకుని రేకుల కప్పు వేసిన పెద్ద లాడ్జి. పిల్లల్ని తెచ్చినవాళ్ళంతా ఆ లాడ్జిలోనో, దాని ముందున్న బెంచీల మీదో కూర్చుంటారు.

మర్నాడు పొద్దున్న మిన్నుకి స్నానం చేయించి, పాదాలు రెండూ తుడిచి, కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. ఏ మచ్చా లేదు. మా ఆయన్ని పిలిచి చూపించాను, సాక్షి ఉండాలి కదా. కొత్త తెల్ల సాక్సు, వాటి మీద బూట్లు తొడిగాను. బూటు పట్టీ మీద అడ్డంగా టేపు అంటించి, సగం టేపు మీదా సగం బూటు మీదా పడేలా మార్కర్‌తో సంతకం పెట్టాను. రెండు కాళ్ళకీ. ఆఫీసులో సాక్ష్యాల కవర్లకి మేం ఇలాగే చేస్తాం. పైనుంచి స్నోప్యాంటు అంచు దించాను. బాత్రూమ్ సంగతేమిటని మీరు అడుగుతారు. ప్యాంటు దించడానికి బూట్లు విప్పక్కర్లేదు. అదీ ఆలోచించాను.

పిల్లా, పార్సెలా అన్నారు మా ఆయన. నిఖిల్ తల పట్టుకున్నాడు. శ్రావ్య అప్పటికే లోపలికొచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

"నమ్మకపోతే తీసుకరాకుంటే అయిపోవు గద ఆంటీ" అంది.

నమ్మకపోవడం వేరు, తెలుసుకోవడం వేరని చెప్పాను. ఆమె మిన్ను చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

నా పాఠం లాడ్జికి ఎదురుగానే, మొదటిసారి నేర్చుకునేవాళ్ళకని వదిలిన చిన్న వాలు మీద. నా పక్కన నేర్చుకుంటున్నవాళ్ళు దాదాపు అందరూ బడిపిల్లలే. నేను పడటం, లేవటం, మధ్యమధ్య లాడ్జి వైపు చూడటం. మిన్నుది ఎర్ర జాకెట్టు, ఎంత దూరమైనా కనిపిస్తుంది. గోడ పక్క బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. మిన్ను చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, శ్రావ్య చేతిలో కాఫీ కప్పు. ఎండ బాగా కాసింది. అప్పటికి బూట్ల జోలికి ఎవరూ వెళ్ళలేదు. అది నేను గమనిస్తూనే ఉన్నాను.

ఇక్కడి నుంచి నేను కళ్ళారా చూసింది చూసినట్టు చెబుతాను. మిన్ను ఉన్నట్టుండి బెంచీ మీంచి దూకింది. ఎడమ కాలు పైకెత్తి కుంటుకుంటూ, నవ్వుతూ, పడుతూ ఇటువైపు పరుగు తీసింది. పారిపోతోందనుకుని శ్రావ్య కాఫీ అక్కడే పెట్టి వెంటపడింది. ఇద్దరూ లాడ్జికి కాస్త ఎడంగా వచ్చారో లేదో, లాడ్జి రేకుల కప్పు మీద పేరుకున్న మంచు మొత్తం ఒక్క చరియగా జారి కిందపడింది. ఆ చప్పుడుకి మా టీచరు కూడా కూలబడింది. మంచు పొగ అణిగాక చూస్తే బెంచీ లేదు. బెంచీ ఉన్నచోట మనిషెత్తు గుట్ట, దాంట్లో మంచుగడ్డలు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పక్కన అప్పుడు ఇంకెవరూ కూర్చోలేదు. లాడ్జివాళ్ళు పరుగెత్తుకొచ్చి తాళ్ళు కట్టారు. నేను స్కీలు ఎలా ఊడదీశానో, కిందికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. మిన్ను ఇంకా నవ్వుతూనే ఉంది. ఎందుకు పరుగెత్తావే అని అడిగితే దానికొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

"సమ్‌వన్ టికిల్డ్ మీ, అమ్మా. ఇన్ మై బూట్."

ఎవరు, ఎలాగని అడిగాను. ఎవరో తెలియదంది. చూపుడువేలు ఒక్కటి ఎత్తి చూపించింది. "వన్ ఫింగర్."

గదికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టాను. మా ఆయన, నిఖిల్ కూడా వచ్చేశారు. స్నోప్యాంటు అంచు పైకి తీశాను. టేపు అంటించినట్టే ఉంది, పొడిగా. సంతకంలో ఒక్క గీత కూడా పక్కకు జరగలేదు. నా సంతకం నేను పోల్చుకోలేనా? నా గోరుతోనే టేపు చీల్చాను. బూటు లాగాను, సాక్సు లాగాను.

ఎడమ అరికాలి మధ్యలో చుక్క ఉంది.

సాక్సు తిరగేసి చూశాను. లోపల తెల్లగా ఉంది. అంత పరుగెత్తిన కాలికి కాటుక ఉంటే సాక్సుకి అంటకుండా ఉంటుందా? పోనీ పుట్టుమచ్చేమోనని వేలితో రుద్దాను. జిడ్డుగా నా వేలికి అంటింది. వాసన చూస్తే ఆముదం, కాస్త కర్పూరం. శ్రావ్య పెన్సిల్ నేను అంతకుముందే నా చేతి మీద గీసి చూశాను. అది సబ్బుకి కూడా ఒక పట్టాన పోలేదు, దానికే వాసనా లేదు.

నేను సరిగ్గా చేసిన పని ఒక్కటే, తుడిచేముందు ఫోటో తీశాను. చూసినవాళ్ళు పుట్టుమచ్చ అంటారు. నా కూతురి పాదాలు నాకు తెలియవన్నమాట.

శ్రావ్య ఇదంతా గోడ పక్కన నిలబడి చూసింది. చూశారా అనలేదు, నేనప్పుడే చెప్పాను అనలేదు. అంటే పడేదాన్నే. కింద కూర్చుని తన బూట్లు విప్పుకుంది. సాక్సులు లాగేసి, తన అరికాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసుకుంది. ఏమీ లేవు. మళ్ళీ సాక్సులు తొడుక్కుంది. ఆ బెంచీ మీద తానూ కూర్చుంది కదా.

ఒంగోలులో అప్పటికే పొద్దుపోయినా అత్తయ్యగారికి ఫోన్ చేశాను. నిలదీద్దామనే చేశాను. జరిగింది విని, ఆముదం దీపం మీద కాటుక పట్టడం తన అత్తగారితోనే పోయిందని, తనకసలు చేతకాదని అన్నారు. చుక్క ఇంకా ఉందా అని అడిగారు. తుడిచేశానని చెప్పాను.

"ఎందుకు తుడిచావమ్మా?" అన్నారు.

ఫోను మా ఆయన చేతికిచ్చేశాను.

ఆఫీసులో ఇలాంటి క్లెయిమ్ వస్తే తిప్పి పంపించేదాన్ని. దీన్నీ అన్ని రకాలుగా తిప్పి చూశాను. బూటు లోపలి రంగు అంటిందనుకుంటే బూటు లోపల బూడిదరంగు ఉన్ని. పొద్దున్నే ఉందేమో, నేను సరిగ్గా చూడలేదేమో అనుకుంటే మా ఆయనా చూశారు. మిన్ను తనంతట తానే ఏదో తమాషాకి పరుగెత్తిందనుకోవచ్చు, అది చేయగలదు కూడా. కానీ టేపు కింద చుక్క అది పెట్టుకోలేదు. ఎండకి కప్పు మీద మంచు జారడం మామూలే. మిగతాది మామూలు కాదు. దేన్నీ ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను, కొట్టిపారేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

శ్రావ్య చదువైపోయి ఇప్పుడు వాంకూవర్‌లో ఉద్యోగం చేస్తోంది. మిన్ను పుట్టినరోజుకి తప్పకుండా ఫోన్ చేస్తుంది. ఆ రోజు మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను.

ఈ ఏడు మళ్ళీ వెళ్దామంటున్నారు. మిన్నుకి ఆరేళ్ళొచ్చాయి, స్కీ స్కూల్లో చేర్చుకుంటారు, ఇక ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు. మా ఆయన రూములు వెతికి, లాప్‌టాప్ నా ముందు పెట్టి, బుక్ చేసే ఆ ఒక్క బటన్ నన్నే నొక్కమన్నారు. వస్తున్నానని మిన్ను పాదాల దగ్గరికి వెళ్ళాను. అది సోఫాలో కాళ్ళు చాపుకుని బొమ్మలు గీసుకుంటోంది. ఎడమ కాలు ఎత్తి చూశాను. కుడి కాలూ చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

ఆపద లేదు కాబట్టి చుక్క లేదా? లేక అప్పుడు తుడిచేశానని ఇక పెట్టడం మానేశారా?

ఇవేవీ నేను నమ్మను, అది మళ్ళీ చెబుతున్నాను. బటన్ మాత్రం ఇంకా నొక్కలేదు.