యోహాను పాట ఏ డిస్క్‌లో పెట్టాలి

అది 2007. మహారాష్ట్రలో, చంద్రపూర్ బాబుపేట్‌లో నాకు వీడియో షూటింగ్ దుకాణం ఉండేది. పెళ్లిళ్లు, చర్చి పండుగలు, గని నుంచి రిటైరయినవాళ్ల సన్మానాలు, ఏదైనా తీసేవాణ్ని. ఆ రోజుల్లో మా లైన్లో ఒక పెద్ద కొట్లాట నడిచింది. హై డెఫినిషన్ వీడియో, అంటే మామూలు డీవీడీ కన్నా ఎన్నో రెట్లు తేటగా కనిపించే బొమ్మ, దాన్ని పట్టే డిస్కులు రెండు రకాలు పుట్టాయి. ఒకటి బ్లూ-రే, ఇంకోటి హెచ్‌డీ డీవీడీ. ఒకదాని ప్లేయర్‌లో ఇంకోటి ఆడదు. ఏది నిలుస్తుందో, ఏది మునుగుతుందో తెలియక దునియా అంతా తల పట్టుకుని కూర్చుంటే, బ్లూ-రేదే గెలుపని ఈ జిల్లాలో అందరికన్నా ముందు చెప్పినవాణ్ని నేను. నాగపూర్ డీలర్లు నా సలహా కోసం రైలెక్కి వచ్చేవాళ్లు.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మార్తమ్మ వచ్చింది. వెంట భర్త యోహాను, చంకలో నెలల పిల్ల. యోహాను బల్లార్‌పూర్ వైపు బొగ్గుగనిలో పని చేసేవాడు. ఆదివారం ఆయన ఎత్తుకుంటే గాని చర్చిలో పాట మొదలయ్యేది కాదట. ఆయన గొంతులో గడ్డ లేచింది.

"అన్నా, ఆపరేషన్ చేస్తే మాట పోతదని డాక్టర్ చెప్పిండు," అన్నది మార్తమ్మ. "అంతకుముందుగాల్నే ఈయన పాడంగ తియ్యాలె. బిడ్డ పెద్దగైనంక నాయిన పాట ఇంటది. ఎన్నేండ్లయినా ఖరాబ్ కాని దాంట్ల పెట్టు."

ఆ చివరి మాట మా ఇద్దరికీ తలకెక్కింది. ఇద్దరంటే నేనూ, శంకరూ. శంకర్‌ది బల్లార్‌పూర్‌లో ఇట్లాంటి దుకాణమే. వాళ్ల నాయన మంచిర్యాల నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఖాళీ దొరికితే చాలు, నాతో వాదానికి వచ్చి కూర్చునేవాడు. ఆ రోజూ కూర్చున్నాడు.

"ఎన్నేండ్లయినా అంటే బ్లూ-రేనే కాకా. ఒక్క లేయర్ మీద ఇరవై అయిదు జీబీ పడతది. నీ హెచ్‌డీ డీవీడీల పదిహేనే. బొమ్మను పిసికి పిసికి కుక్కాలె."

లేయర్ అంటే డిస్క్ లోపల వీడియో రాసుండే పొర. నాకు కావలసింది అదే.

"నీ బ్లూ-రేల ఆ పొర ఏడుంటది? పైపైన, కాయితమంత లోతుల. మన ఊరి బొగ్గు దుమ్ము పడ్డంక, ఆడోళ్లు కొంగుతోని తుడిస్తే గీతలే గీతలు. నా దాంట్ల పొర నడిమిట్ల ఉంటది, మామూలు డీవీడీ లెక్క."

"దాని మీద గట్టి కోటింగ్ ఉంటది కాకా."

"చూసినవా?"

"నువ్వు చూసినవా?"

ఇద్దరం చూడలేదు. అప్పటికి ఆ డిస్కులు రెండూ మేం బొమ్మల్లో చూసినవే. చదువుతున్నవాళ్లకు ఈపాటికి దొరికిపోయాను. నేను వాదించింది హెచ్‌డీ డీవీడీ తరఫున. బ్లూ-రే గెలుస్తుందన్నది శంకర్. డీలర్ల సంగతి కూడా కొంచెం సాగదీశాను. వచ్చింది ఒక్కడే. అదీ బల్లార్షా స్టేషన్‌లో రైలు తప్పిపోతే, పొద్దుపోక వచ్చాడు.

పాత కెమెరా నా పక్క టేబుల్ మీదే ఉంది. అప్పుడే తీయొచ్చు. కానీ పాత కెమెరా బొమ్మను అంత గొప్ప డిస్క్‌లో పెట్టడం నామోషీ అనిపించింది. హెచ్‌డీ కెమెరా నాగపూర్ నుంచి కిరాయికి తేవాలి. ఏ డిస్క్ అన్నది తేలకుండా కెమెరా ఎందుకు తేవడం? "రెండు రోజులాగి రా చెల్లే," అన్నాను. వచ్చారు. మేం ఇంకా పొరల దగ్గరే ఉన్నాం. మళ్లీ రమ్మన్నాను.

మూడోసారి మార్తమ్మ ఒక్కతే వచ్చింది. రాత్రి ఊపిరాడక యోహానును నాగపూర్ తీసుకుపోయారని, ఆపరేషన్ అయిపోయిందని చెప్పి, పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

ఆయన ఇల్లు చేరాక కెమెరా తెచ్చాను. సిగ్గుతో తెచ్చాను. యోహాను తెల్లచొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. పెదవులు కదిపాడు. పక్కన నిలబడి మార్తమ్మ పాడింది, రెండు లైన్లు, అంతే. దుకాణంలో వేసి చూపిస్తే మార్తమ్మ తెర దగ్గరికి జరిగింది.

"మెడ మీద కుట్లు ఒక్కొక్కటి లెక్కవెట్టచ్చు," అన్నది. "పాట ఏది అన్నా?"

దేంట్లో పెట్టి ఇవ్వాలని అడిగాను. వాళ్లింట్లో ఉన్నది టీవీకి తగిలించే మామూలు సీడీ ప్లేయర్, మా రెండు డిస్కులూ అందులో ఆడవు. ఆ సంగతి మొదటి రోజే అడగాల్సింది. మా ఇద్దరికీ తోచలేదు. సీడీ చేసి ఇచ్చాను. అందులో బొమ్మ మసకగా వచ్చింది. ఆ మసక ఆమెకు నయమనిపించింది.

తర్వాతి ఏడు హెచ్‌డీ డీవీడీ ఆగిపోయింది. శంకర్ గెలిచాడు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది. యోహాను కూడా ఆ ఏడే పోయాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. ముందు చేతిలో ఉన్నదాంతో తీయాలి. మనిషి దొరికినప్పుడే తీయాలి. డిస్కుల ముచ్చట తర్వాత. యోహాను పాడే గొంతు ఎట్లా ఉండేదో నాకు తెలియదు. వినే భాగ్యం దక్కలేదు.

ఇంతవరకు రాసి, మొన్న మార్తమ్మ ఇంటికి పోయి చదివి వినిపించాను. ఆమెకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. కూతురూ మరాఠీ బడిలోనే చదివింది. ఆ అమ్మాయి కూడా పక్కనే కూర్చుని విన్నది. మార్తమ్మ కడదాకా ఊకొట్టి, అప్పుడన్నది:

"దక్కలేదని ఎందుకు రాసినవ్? పాడిండు. మీ దుకాణంలనే పాడిండు. మీ ఇద్దరి లొల్లికి ఈ బిడ్డ లేచి ఏడుస్తుంటే, ఊకుంచెటందుకు మెల్లగ పాట ఎత్తుకున్నడు. నువ్వే చెయ్యి అడ్డం వెట్టి, 'జర సప్పుడు చెయ్యకు తమ్మీ, మీ పని ముచ్చటే మాట్లాడుతున్నం' అన్నవ్."