పస్కా పూట నెట్‌వర్క్ లేదన్నాను

పస్కా పండుగకు ముందురోజు అమ్మ ఇడ్లీ పిండి గిన్నెను ఎదురింటివాళ్లకు ఇచ్చేసి, గ్రైండరు రాయి కడిగి ఎండలో పెట్టేది. మాది గుంటూరు పక్క పల్లెలో యూదుల ఆచారాలు పాటించే కుటుంబం. ఆ వారం ఇంట్లో పులిసినదేదీ ఉండకూడదు. చిన్నప్పుడు నేను ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాను. పులిసేవి, పుల్లనివి వరసగా వెతికి, పెరుగు చట్టి, పచ్చడి జాడీ, చింతపండు డబ్బా వాకిట్లోకి చేర్చాను.

నానమ్మ పడీపడీ నవ్వింది. "ఒరేయ్, పిండి పులిస్తేనేరా లెక్క. పెరుగు లేకుండా మీ తాత ముద్ద దించుతాడా?"

చీకటి పడ్డాక అందరం చాప మీద కూర్చునేవాళ్లం. పులియని రొట్టెలు, బానిసరోజుల చేదుకు గుర్తుగా పచ్చి కాకరకాయ చక్రాలు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు అడగాలి: "నానమ్మా, ఈ రాత్రి మిగతా రాత్రుల్లా లేదేం?" అప్పుడు ఆవిడ యూదులు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసత్వం నుంచి బయటపడిన కథ చెప్పేది. అడిగేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు కూడా నేనే అడిగాను. అక్క కూతురు పుట్టాక కూడా, దానికి ఇంకా మాటలు సరిగా రావని ఆ పని నాకే ఉంచారు.

ఈ ఏడు ఖతార్‌లో ఉన్నాను. ఊళ్లో చీకటి పడేసరికి ఇక్కడ ఇంకా ఎండే. మెసయీద్ ప్లాంటు నుంచి కంపెనీ బస్సులో వస్తుంటే నాన్న వీడియో కాల్ చేశాడు. చాప, రొట్టెలు, నానమ్మ తెల్లచీర, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

పక్కసీటులో మా ఫోర్‌మన్, జగిత్యాల మనిషి, తొంగిచూశాడు. "నాయనమ్మనా సార్? దండాలమ్మా!"

"చల్లగా ఉండు నాయనా. తిన్నావా?"

"ఇప్పుడే డ్యూటీ దిగినమమ్మా. క్యాంప్‌కు పోయి తింటం."

"మాకూ ఇంకా లేదయ్యా. మావాడు అడగాలి, అప్పుడే తిండి. అడగరా!"

"ఏమడగాలె సార్?" అన్నాడతను. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. వాళ్లలో సగంమంది నేను సంతకం చేస్తే పని మొదలుపెట్టేవాళ్లు. చిన్నపిల్లాడిలా ఆ ప్రశ్న అడిగితే నవ్వుతారనిపించింది. ఏం పండుగని అడిగితే అదీ చెప్పాలి. కంపెనీలో నేను క్రిస్టియన్ననే అనుకుంటున్నారు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.

"నానమ్మా, నెట్‌వర్క్ లేదు. వినపడట్లేదు," అని కట్ చేశాను.

ఫోర్‌మన్ నా ఫోన్ వంక చూశాడు. "సిగ్నల్ ఫుల్ ఉన్నది గద సార్." ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంప్ దగ్గర బస్సు దిగి, అందరూ వెళ్లేదాకా ఆగి ఫోన్ చేశాను. నానమ్మే ఎత్తింది.

"నీకక్కడ సిగ్నల్ ఉండదంటగా నాన్నా. చాలాసేపు చూశాం. చివరికి అక్క చెప్పిస్తే పిల్ల అడిగింది. ముద్దుముద్దుగా ఎంత బాగా అడిగిందో! ఇక ఏటా అదే అడుగుతుందిలే, నువ్వు ఇబ్బంది పడకు. నీ పక్కనున్న ఆ అబ్బాయి తిన్నాడా?"

చుట్టూ ఎవరూ లేరు. ఇప్పుడు గట్టిగా అడగొచ్చు.

"నానమ్మా, నేను కూడా అడగనా?"

"తినేశాం నాన్నా," అంది. "నువ్వెళ్లి తిను."