ఆంటీ స్టోర్ రూములో ‘నో సార్’

ముందు మా ఇంటి ఓనరు ఆంటీ ఇచ్చే కాఫీ సంగతి చెప్పాలి. సింగపూర్‌లో కాఫీ గింజల్ని చక్కెర వేసి నల్లగా మాడ్చి అమ్ముతారు. ఆ పొడిని ఆవిడ మన ఫిల్టర్‌లో దట్టించి, పొద్దున్నే గ్లాసు చేతికిచ్చి, ఎలా ఉందోయ్ అని అడిగేది. బ్రహ్మాండం ఆంటీ అనేవాణ్ణి. జురాంగ్ ఈస్ట్ స్టేషనుకి అంత దగ్గరలో ఇంకో గది దొరకదు.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మర్చిపోతాయని లోకం భయపడుతున్న కాలమది. వాటికి గుర్తు చేయడానికి నన్ను విమానమెక్కించి తెచ్చారు. నేను టై కట్టుకుని, ఏసీ గదిలో కూర్చుని ప్రపంచాన్ని కాపాడుతుండేవాణ్ణి. ఆంటీకి అంత తీరిక లేదు. ఆవిడ మనుషుల్ని మాత్రమే కాపాడేది.

షిప్‌యార్డు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. ఊళ్లో సగంమంది సూపర్‌వైజర్లు ఆవిడకి గొంతుతోనే తెలుసు. ఆదివారం వస్తే హాలు నిండా మనవాళ్లే: వెల్డర్లు, పరంజాలు కట్టేవాళ్లు, పైపులు బిగించేవాళ్లు. ఏ రిఫైనరీలో మనుషులు కావాలో ఫోన్లో కనుక్కుని పంపించేది. పంపించాక వాళ్ల మంచిచెడ్డలు ఇంకా గట్టిగా పట్టించుకునేది.

ఆ ఏడాది శ్రీకాకుళం వైపు నుంచి ఒకాయన వచ్చాడు. చమురు ట్యాంకుల్లోకి దిగి శుభ్రం చేసే పని. గేటు దాటాలంటే ముందు భద్రతా పరీక్ష నెగ్గాలి. ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పితే పర్మిట్ రద్దు, తిరుగు విమానం. మొదటిసారి అడిగిందల్లా ఒక్కటే: లోపల గ్యాస్ ఉందో లేదో చూడకుండా సూపర్‌వైజరు దిగమంటే ఏం చేస్తావని. ఈయన వినయంగా “ఎస్ సార్” అన్నాడు. లోపల ప్రాణం పోతుందని తెలియక కాదు. పెద్దాయన అడిగాక కాదంటే బాగుండదని.

ఆంటీ వంటింటి పక్కనున్న స్టోర్ రూమునే ట్యాంకు చేసింది. టై ఉంది కాబట్టి సూపర్‌వైజరు వేషం నాకిచ్చింది. దిగు అన్నాను. ఆయన చెప్పులు విడిచి మరీ దిగాడు. ఆంటీ బయటినుంచి తలుపేసి, “పోయావ్. మీ ఆవిడకి నేనే ఫోన్ చేసి చెప్పాలి, నంబరివ్వు” అంది. లోపలినుంచి ఆయన నంబరు చెప్పడం మొదలుపెట్టాడు.

తలుపు తీశాక మళ్లీ దిగమన్నాను. మళ్లీ దిగాడు.

“మీరు టై కట్టుకుని సెప్తన్నారు బావూ, కాదనీడానికి నోరెలాగొస్తాది?”

టై విప్పమంటున్నాడేమోననుకున్నాను. ఆంటీ విప్పనివ్వలేదు. అసలు ట్యాంకు దగ్గర ఉండేదీ టై కట్టినవాడేనంది. ఇక ఆ రోజంతా తను ఏం అడిగినా, కళ్లలోకి చూసి కాదనాలని నియమం పెట్టింది. అన్నం వడ్డించనా అంటే కాదన్నాడు. మంచినీళ్లు కావాలా అంటే, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా కాదన్నాడు. సాయంత్రానికి ఆయన మొహం చూడలేక నేనే దొంగతనంగా గ్లాసు నీళ్లందించాను. దానికీ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆంటీ పాఠం చాలించి, “మకాన్” అంది. తిండికి ఇక్కడ అందరూ అనే మాట అది. మనిషి రెండు రోజుల తిండి తిన్నాడు.

పరీక్ష నెగ్గాడు. అది కాయితం మీది సంగతి. కొన్ని నెలలకి నిజమైన ట్యాంకు దగ్గర నిజమైన సూపర్‌వైజరు, ఓడ రేవులో ఆగి ఉందని తొందరపెట్టి, గ్యాస్ చూసే మీటరు తర్వాత తెస్తారు, ముందు దిగమన్నాడట. ఈయన కదల్లేదట. నో సార్ అన్నాడట. మీటరు తెచ్చి లోపలికి దింపితే గ్యాస్ ఉందని అది గోలగోలగా మోగిందట. వెనక వరసలో దిగడానికి ఇంకో నలుగురున్నారు. ఆయన్ని పన్లోంచి తీసెయ్యలేదు. ఎవరు దిగాలో చూసుకోమని ఆ ట్యాంకు మూత దగ్గరే నిలబెట్టారు.

ఆ ఆదివారం ఈ సంగతి చెప్పడానికే స్వీట్లు పట్టుకుని వచ్చాడు. ఆంటీ అంతా విని, లేచి వంటింట్లోకి వెళ్లి, కళ్లు తుడుచుకుందో లేదో తెలియదుగానీ, ముగ్గురికీ కాఫీ పట్టుకొచ్చింది. ఎలా ఉందోయ్ అని ముందు నన్నే అడిగింది. బ్రహ్మాండం అన్నాను. ఆయన ఒక గుటక మింగి, గ్లాసు కింద పెట్టి, నేర్పినట్టే ఆవిడ కళ్లలోకి చూశాడు.

“మాడు కంపు కొడతంది ఆంటీ. నాను తాగను.”