ఊడిపోతుందనుకున్న పన్ను

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు కింది దవడలో చివరి పన్ను నల్లబడింది. ఇంట్లో వెంటనే నిపుణుల సంఘం కూర్చుంది. సంఘమంటే మా అమ్మ.

"పాల పన్నేరా. ఊడిపోయేదానికి ఆసుపత్రేటి? సిన్నప్పుడు నీకూ పుచ్చిపోనాయి. ఇప్పుడు రాళ్లు నమిలీగలవు."

రాళ్లు నమిలే అవసరం నాకెప్పుడూ రాలేదు కనక కాదనలేకపోయాను.

నా భార్యకే నమ్మకం కుదరలేదు. "వెనకదండి అది. రెండేళ్ల కిందట కొత్తగా వచ్చినట్టు గుర్తు. ఒకసారి సూపిద్దాం."

"కూల్చబోయే గోడకి ఎవరైనా సున్నం వేస్తారా?" అన్నాను. ఆ మాట నాకెంత నచ్చిందంటే, మర్నాడు స్టాఫ్ రూంలో కూడా వాడుకున్నాను. నేను ఎచ్చెర్ల వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆమ్లంలో గుడ్డు పెంకు ఎలా కరుగుతుందో ఏటేటా చేసి చూపిస్తాను. ఆ ప్రయోగం ఎప్పుడూ విఫలం కాలేదు.

పిల్ల జంతికలు మానేసింది. బుద్ధొచ్చిందనుకున్నాను. ఒక పక్కనే నమిలేది. నొప్పన్నప్పుడల్లా మా అమ్మ లవంగం నూరి పెట్టేది. కొన్నాళ్లకు నొప్పి పోయింది.

"సూసావా? లవంగానికి మించిన మందు నేదు," అంది అమ్మ. అందరం సంతోషించాం.

ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయింది. శ్రీకాకుళంలో పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆవిడకు మహా అయితే నా పాత విద్యార్థుల వయసుంటుంది. పిల్లని వాళ్లమ్మతో బయట కూర్చోబెట్టి ఎక్స్‌రే చాలాసేపు చూసింది.

"పాల పన్నే కదా అని..." అన్నాను.

"కాదు సార్. ఆరేళ్లకి పాలపళ్ల వెనకాల వచ్చే దవడ పన్ను ఇది. దీనికోసం ఏ పన్నూ ఊడదు. అందుకే అందరూ పాలదే అనుకుంటారు. పోతే మళ్లీ రాదు."

"మరి నొప్పి తగ్గింది కదండీ?"

"లోపల నరం చచ్చిపోయింది సార్. నల్లబడినప్పుడే తెచ్చుంటే అరగంటలో సిమెంటు పెట్టి పంపేదాన్ని."

ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే ఎదురు వాదించడానికైనా వీలుండేది.

వాపు తగ్గాక పన్ను తీసేశారు. పిల్ల ఏడవలేదు, నా బొటనవేలు మాత్రం వదల్లేదు. మిగతా మూడు దవడ పళ్లలో ఒకదానికి చిన్న గుంట పూడ్చి, రెంటికి పుచ్చకుండా గాడుల్లో పూత వేశారు. గోడలు నిలబడి ఉండగానే సున్నం వేయడమన్నమాట.

ఊడిన పన్నును పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసరడం మా ఇంట్లో ఆనవాయితీ. అలా విసిరినవన్నీ మా పిల్లకి తిరిగొచ్చాయి. దూదిలో చుట్టిన పన్ను పట్టుకుని ఇంట్లోకి రాగానే అడిగింది.

"మామ్మా, పేడ ముద్ద తే."

డాక్టరు చెప్పింది అమ్మకి ఫోనులో ముందే చెప్పాను. అమ్మ నా ముఖంలోకి చూసి, దొడ్లోకి వెళ్లి పేడ తెచ్చింది. పిల్ల గట్టిగా విసిరింది. స్లాబు మీద పడిన చప్పుడు ఎప్పటికన్నా బరువుగా వినిపించింది.

సాయంత్రం అద్దం ముందు నోరు తెరిచి నిలబడింది.

"నాన్నా, ఇది రావడానికి ఎన్నాళ్లు పడతాది?"

"పెద్ద పన్ను కదమ్మా, ఆలస్యమవుతుంది," అన్నాను.

"అయితే అంతవరకూ ఇటుపక్కే నమల్తాను," అంది.