ఉయ్యాల మీది బీము

ఇది అల్లి చెబుతున్నది కాదండీ. ప్రార్థన చేసుకునే నోటితోనే చెబుతున్నాను... జరిగింది. నమ్మకం కుదరకపోతే మలికిపురంలో మా అక్కని అడగండి. ఆ రాత్రి మాటెత్తితే ఇప్పటికీ పిల్లని ఒళ్లోకి లాక్కుంటుంది.

అక్క పురిటికి మా ఇంటికొచ్చింది. పాపకి ఇంకా నెల నిండలేదు. ఆ సాయంత్రం మా దొడ్లో కొబ్బరికాయలు ఎత్తడానికి లారీ వచ్చింది. ఒకటే వాన. డ్రైవరు వెనక్కి తీస్తూ తీస్తూ... ధడేల్! పోర్టికో బీముని గుద్దేసేడు. ఇల్లంతా అదిరింది.

ఆ బీము పోర్టికోతో ఆగదు. గుమ్మం గోడ మీదుగా ముందు గదిలోకి వస్తుంది. అక్కడ, గోడకి దగ్గర్లోనే దానికున్న కొక్కేనికే పాప ఉయ్యాల.

నేను అమలాపురంలో సైటు ఇంజనీరుని. అందరూ నా మొహమే చూసేరు.

"నువ్వే చెప్పవే. ఇక్కడ పడుకోవచ్చా? వెనక రేకుల గదేమో కారుతోందాయె," అంది అమ్మ.

టార్చి వేసి చూసేను. గుద్దిన చోట వెంట్రుకంత పగులు. దానికి అడ్డంగా సన్నటి అద్దం ముక్క అతికించేను. మా పనిలో అది అలవాటే. పగులు ఏమాత్రం కదిలినా అద్దం పుటుక్కున విరుగుతుంది. గదిలోనూ చూసేను. రంగు మీద గీత కూడా లేదు.

"పడుకోండి, ఏం కాదు," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

రాత్రి కరెంటు పోయింది. వాన ఆగింది. పోర్టికోలో మడతమంచం మీద నేనొక్కదాన్నీ.

టిక్.

నీటిచుక్కేమో అనుకున్నాను. మళ్లీ... టిక్... టిక్. చుక్క కాదండీ. నిద్రలో ఎవరో పళ్లు కొరికినట్టు పొడి చప్పుడు. లేచి టార్చి వేసి అద్దం చూసేను. చెక్కు చెదరలేదు. స్టూలెక్కి చిన్న సుత్తితో బీముని రెండుసార్లు తట్టేను. లోపల డొల్లయితే మోతలో తెలిసిపోతుంది. ఖంగ్. ఖంగ్. గట్టిగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు...

లోపల్నుంచి... టక్. టక్.

సుత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మేడ మీద ఎవరైనా ఉన్నారేమోనని మెట్లెక్కి చూసేను. ఎవరూ లేరు. స్లాబు మీద నిలిచిన నీళ్లు కూడా కదలడం లేదు. కిందికొచ్చి, నాకేమైనా పిచ్చా అనుకుంటూనే, ఈసారి మూడు కొట్టేను.

ఏమీ లేదు... ఏమీ లేదు...

టక్. టక్. టక్.

అదే చోట కాదు. జరిగింది. గుమ్మం వైపు జరిగింది. ఆ తర్వాత సన్నగా టిక్... టిక్... అంటూ పోతూనే ఉంది. తలెత్తుకుని దాని వెంటే నడిచేను. గుమ్మం దాటింది. గదిలోకి వచ్చింది. ఉయ్యాల కొక్కెం దగ్గర... ఆగిపోయింది.

అక్కడేమీ లేదండీ. తెల్లగా, నున్నగా బీము. కింద పాప నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. అద్దం బానే ఉందిగా అంటోంది నా చదువు. అయినా నేను ఆగలేదు. గబుక్కున పాపని ఎత్తేసుకున్నాను. "అక్కా, లే! ఏమీ అడక్కు, లే!"

"పచ్చి బాలింతని చెమ్మలోకి లాగుతావేంటే? నీకేమైనా పట్టిందా?" అమ్మ తిడుతూనే వెనక గదిలోకి వచ్చింది. ఆ తిట్లు ఇంకా అవలేదు...

దభేల్!

పరిగెత్తేను. కొక్కెం పీక్కుని ఉయ్యాల నేల మీదుంది. దాని మీద, నేను ఎత్తలేనంత కాంక్రీటు పెచ్చు. పైన ఏటవాలుగా నోరు తెరుచుకున్న చీలిక, బయటపడ్డ చువ్వలు. పోర్టికోలో నా అద్దం ముక్క మాత్రం గీత కూడా పడకుండా అలాగే ఉంది.

తర్వాత మా ఆఫీసులో పెద్ద ఇంజనీరు గారికి చెప్పేను.

"బరువు నెమ్మదిగా పడితే బీము వంగి చూపిస్తుందమ్మా. గుద్దు ఆ వ్యవధి ఇవ్వదు. తగిలిన చోటు బానే కనబడుతుంది, గోడ మీద ఆనే చోట లోలోపల ఏటవాలుగా చీలుతుంది. ఆ చీలే చప్పుడే మీరు విన్నది," అన్నారు.

"ఆయ్, నిజమేనండీ. మరి నేను రెండు కొడితే రెండు, మూడు కొడితే మూడు... ఎందుకండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. టీ తాగమన్నారు.

ఇప్పటికీ ఏ సైటులో బీముని తట్టినా, ఆగి వింటాను. తిరిగి పలుకుతుందేమోనని భయం... పలక్కపోతే, ఆ హెచ్చరిక కూడా లేకుండా దాని కింద పడుకోండని ఎవరికైనా ఎలా చెప్పాలో తెలియడం లేదండీ.