మంచు వంతు

ఎనభైల్లో ఉద్యోగం కోసం జపాన్‌లో మంచు బాగా కురిసే ఓ ఊళ్ళో ఉన్నాను. అక్కడ వాకిట్లో మంచుని ఇళ్ళ ముందు పారే కాలవలో పోస్తారు; అందరూ ఒకేసారి పోస్తే కాలవ పూడిపోతుందని వీధికో వంతు.

వంతు సంగతి నాకు చెప్పాలా? మా కొత్తపేటలో చేలకి నీళ్ళ వంతు వస్తే పారలు లేచేవి. ఆ తగువుల్లో మా బాబాయిగారు ఎన్నడూ ఓడలేదు.

మా వంతు రాగానే ఇంతింత గడ్డలు తోసేశాను. అవి దిగువింటి దగ్గర ఇరుక్కుని, నీళ్ళు ఆ వాకిట్లోకి పొర్లాయి. ఆ ఇంటి ముసలావిడ గడ్డలన్నీ చితక్కొట్టి, పార పట్టుకుని నా వైపు వచ్చింది. నేనూ తగువుకి నడుం బిగించాను. ఆవిడ వంగి నమస్కారం పెట్టి, నా గుమ్మం ముందు మిగిలిన మంచుని చిన్న చిన్న ముక్కలుగా కాలవలో ఎత్తిపోసి వెళ్ళింది.

సెలవుల్లో ఇంటికొచ్చి బాబాయిగారికి ఇదంతా చెప్పాను.

"ఆవిడ దగ్గర నేనూ ఓడిపోదునురా," అన్నారు.