పేరంటాలు చెల్లెలు

జువ్వలదిన్నె రేవులో పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది. దాన్ని శేషమ్మ పేరంటాలు అనేవాళ్లు. తెప్పలు నీళ్లలోకి తోసే ముందు చేపలవాళ్లంతా దానికి దణ్ణం పెట్టుకునేవాళ్లు. ఆ రాయిని చూస్తే ఒళ్లు మండిపోయే మనిషి ఊళ్లో ఒక్కతే. పేరంటాలు సొంత చెల్లెలు, పెంచలమ్మ.

అక్క వెంకటశేషమ్మ కనిపించకుండా పోయిన నాటికి పెంచలమ్మ పలక పట్టిన పిల్ల. ఆ పొద్దున మేనమామ గంగులయ్య నీళ్లోడుతున్న శేషమ్మ చీర చేతబట్టుకుని ఇంటికొచ్చాడు. "అలల్లో దొరికిందక్కా. పిల్ల సముద్రం పాలైంది" అంటూ కూలబడ్డాడు. శేషమ్మను ఆయనకే ఇచ్చి చేయాలనుకుంటున్న రోజులవి. ఆయన ఏడుపును ఎవరూ అనుమానించలేదు. శవం మాత్రం దొరకలేదు. ఆ వారమే వలలు చినిగేటంత చేప పడింది. శేషమ్మ కలలోకొచ్చి తనను రేవులో నిలపమన్నదని గంగులయ్య చెప్పాడు. రాయి పాతారు. ఆయనే పూజారి అయ్యాడు. పడిన మొదటి చేప, మొక్కుబడి కోడి అన్నీ ఆయన ఇంటికే చేరేవి.

తల్లి పిచ్చమ్మ మొగుడు పోయిన మనిషి. ఎండుచేపల గంప మోసి సంసారం ఈదుకొస్తోంది. ఏడాదికి ఒక్క కొత్త చీర కొనేది, అదీ రాయికే. పెంచలమ్మకు తల్లి కట్టి విడిచిన పాతవే గతి. పులుసు కుదరకపోతే "శేషమ్మ చెయ్యి పడితేనా!" అనేది పిచ్చమ్మ. వల అల్లుతుంటే "మీ అక్క ముడి ఊడేది కాదు మే" అనేది. బతికున్న అక్కతోనైతే పోటీ పడవచ్చు. దేవతతో ఎట్లా పడేది?

పెంచలమ్మకు పద్నాలుగేళ్లు వచ్చిన ఏడు, 1962లో, పిచ్చమ్మ ఎర్రంచు ఆకుపచ్చ చీర తెచ్చింది.

"అమ్మా, ఈసారి నేను కట్టుకుంటా."

"తప్పు మే! అక్కకు పెట్టేది నువ్వు కడతావా? కళ్లు పోతాయి."

తల్లి నీళ్లకు వెళ్లగానే పెంచలమ్మ పొయ్యిలోంచి నిప్పుకణిక తీసి కొంగు మీద అదిమింది. చింతగింజంత చిల్లి పడింది. దాన్ని మడతలో దాచి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఆ చీరను గంగులయ్య రాయికి చుట్టి, తర్వాత ఎప్పటిలాగే సముద్రంలో వదిలానన్నాడు.

కొన్నాళ్లకు పిచ్చమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఎండుచేపలకు నాయుడుపేటలో మంచి ధర ఉందని ఇరుగుపొరుగు ఆడవాళ్లు వెళుతుంటే, తల్లి గంప ఎత్తుకుని పెంచలమ్మ కూడా బిట్రగుంటలో రైలెక్కింది. సంతలో ఎవరో ఒకామె చంకలో బిడ్డతో వచ్చి చేపలు ఏరుతూ వంగింది. ఎర్రంచు ఆకుపచ్చ చీర. కొంగు మీద చింతగింజంత చోట దారంతో కుట్టిన కుట్టు.

పెంచలమ్మ ఆ కొంగు పట్టుకుంది. "ఈ చీర యాడిది?"

"మా అమ్మ పంపింది" అని ఆమె తలెత్తింది. అచ్చం పిచ్చమ్మ ముఖం. "నువ్వు... పెంచలివి గదా?"

శేషమ్మ చెల్లెల్ని ఇంటికి తీసుకుపోయి అంతా చెప్పింది. మామను చేసుకోవడం ఇష్టంలేక, పడవల మరమ్మతుకు వచ్చిన జీవానందం అనే వడ్రంగితో వెళ్లిపోయింది. స్టేషన్లో గంగులయ్య వాళ్లను చూశాడు. అప్పుడేమీ అనలేదు. ఆ తర్వాత ఆచూకీ తీసి వచ్చాడు.

"అమ్మ నా పేరెత్తితే విషం తాగుతానంటుండాదని చెప్పినాడు. నేను ఊళ్లో కాలు పెడితే ఈయన్ని నరికేస్తారన్నాడు. పైకి అట్లా అన్నా అమ్మే చాటుగా పంపిందని, ఏడాదికొకసారి చీర తెచ్చిస్తాడు. నేనింకా ఇక్కడే ఉండానా లేదా అని ఇల్లంతా చూసి పోతాడు."

"నువ్వు విడిచిపోయిన చీర తడిపి తెచ్చి, సముద్రం పాలైనావని చెప్పి నిన్ను దేవతను చేసినాడు. రేవులో నీ పేరుతో రాయి ఉండాది" అంది పెంచలమ్మ.

శేషమ్మ బిడ్డను గట్టిగా పొదువుకుంది. "నేను బతికుండగానే?"

ఇంటికొచ్చిన పెంచలమ్మ తల్లికి చెప్పాలి. చెప్పలేదు. చెబితే రాయి పోతుంది. కానీ ఆ స్థానంలో బిడ్డనెత్తుకుని నిజం అక్క వస్తుంది. అప్పుడు అమ్మ తన వైపు చూస్తుందా? మర్నాడు మధ్యాహ్నం రేవుకు పోయి గంగులయ్య ముందు నిలబడింది.

"మామా, చీర కొంగుకు చిల్లి పడింటే అక్క కుట్టుకోనుండాది."

గంగులయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. తేరుకుని నెమ్మదిగా నవ్వాడు.

"చెప్పబాక మే. చెబితే మీ అమ్మ దాని దగ్గరికే పోతాది, నువ్వు ఒంటిదానివైపోతావు. నీ కడుపుమంట నాకు తెలవదా? నాకూ అదే మంట. నన్ను కాదని వడ్రంగోడితో పోయింది. అందుకే చెయ్యి వెయ్యకుండానే చంపేసినా."

పెంచలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అయినా మర్నాడు ఆయన తెచ్చిచ్చిన నీలం చీర తీసుకుంది. కట్టుకుని తల్లి ఎదుట నిలబడింది. పిచ్చమ్మ చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అచ్చం మా శేషమ్మే" అంది.

అంతే, పెంచలమ్మకు పట్టలేని కోపం వచ్చింది. "నేను పెంచలిని! నీ శేషమ్మ నాయుడుపేటలో బిడ్డను కని సుబ్బరంగా బతికుండాది, పో! అంతా మామ ఆడిన నాటకం!"

పిచ్చమ్మ అరవలేదు. గోడ పట్టుకుని నిలబడి ఒకే మాట అడిగింది. "ఆడపిల్లా, మొగపిల్లోడా?"

మర్నాడే తల్లీకూతుళ్లు రైలెక్కారు. నాయుడుపేటలో పిచ్చమ్మ పెద్దకూతుర్ని కావలించుకుని గుండెలు పగిలేలా ఏడుస్తుంటే, పెంచలమ్మ గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. జీవానందమే చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. సాయంత్రం ఆమె ఒంటరిగా ఊరికి తిరిగొచ్చింది.

అప్పటికే గంగులయ్య ఊరు విడిచాడు. మద్రాసు వైపు పోయాడన్నారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. రాయి పీకేద్దామని కొందరు, పీకితే చేప పడదని కొందరు చాలాకాలం వాదించుకున్నారు. పిచ్చమ్మ తిరిగి రాగానే రేవుకు పోయి సముద్రపు నీళ్లతో రాయి మీది పసుపంతా కడిగేసింది.

తర్వాత శేషమ్మ ఏటా వేసవికి బిడ్డతో వచ్చేది. చెల్లెలికి జడ వేయబోతే పెంచలమ్మ తల వెనక్కి లాక్కునేది. పులుసు బాగుందని తల్లి అంటే, ఎవరి పులుసని నిలదీసేది. పడుకునే వేళకు పిచ్చమ్మ పక్కన అక్క చాప పరిచేది. పెంచలమ్మ గొణుక్కుంటూ వచ్చి, ఇద్దరినీ చెరోవైపుకు జరిపి మధ్యలో పడుకునేది.